ఏడేళ్ళ ఎడం

పొద్దున ఎనిమిదికి సంచి ఎత్తుకుంటే
తాడిపత్రి నుంచి చిన్నపొలమడ,
ఆణ్ణుంచి ఆలూరు, మళ్ళా ఎనక్కి.
ఎల్లైసీ నోటీసులు, ఆధార్ కార్డులు,
ఎప్పుడన్నా ఒక పెండ్లిపత్రిక.
దావ పొడుగునా బండల ఫ్యాక్టరీలు
బూడిదరంగు నీళ్ళు కక్కుతాంటాయి.
రాళ్ళలారీలు తవ్విన గుంతల్ని
నా సైకిలు ఒక్కటీ ఇడవకుండా లెక్కబెడుతాది,
లెక్కబెట్టి నాకు చెప్తాది.
చెప్పే చోటే బాగాలేదు.

నొప్పి యాడమ్మా అనె డాక్టరు.
నడుమంటి.
నడుముకి మాత్రలు రాసిచ్చె.
పది దినాలు ఆ అబద్ధాన్ని
పూటకొకటి నీళ్ళతో మింగితి.

మా ఆయన తువ్వాలు మడిచి ఏసుకోమనె.
అది జారి చక్రంలో పడితే
వంక కాడ నేనూ పడితి.
జాబులు ఏరిచ్చిన గొర్రెల పిల్లోడు
తువ్వాలెందుకక్కా అనె.
ఎండకని చెప్తి.

సంతలో గులాబీరంగు స్పాంజి తొడుగు, నూటిరవై.
కూసుంటే లోపలికి దిగబడె.
మెత్తన కదా అని మురిస్తి.
మూడో మైలుకి తెలిసె,
మెత్తనిది తగలగూడని చోట గూడా తగులుతాదని.
ఆ ఎండాకాలమంతా
దాని చెమట నాకు, నా చెమట దానికి.

నాకంటే ముందు ఈ దావన తిరిగిన
పెద్ద ఓబుళేసన్న తన తోలు సీటిచ్చె:
"ముప్పై ఏండ్లు నన్ను మోసింది తల్లీ,
నిన్ను మోయదా?"
మనసు మంచిదే.
తోలు నిండా ఆయన కూసున్న గుర్తులే.
ఆయన గుంతల్లో నా ఎముకలు
బాడుగింట్లో కొత్త కాపరం మాదిరి
యాడ సర్దుకోవాల్నో తెలీక అల్లాడె.

యాడికి రోడ్డులో పంచరంగడి.
నాయనకి కండ్లు మసకలైనంక
మాబున్నే కూసుంటాది.
ట్యూబుకి గాలి కొడతా కొడతా
నా నడక చూసి అడిగింది:
"సీటు ముక్కు తగులుతాందా అక్కా?"
పదమూడేండ్లలో ఎవురూ అడగని మాట.
ఊ కొడ్తినో, ఏడిస్తినో.

టైర్లొచ్చిన డబ్బా చించి
అట్టముక్క స్టూలు మీద పరిచింది.
కూసో, మోకాళ్ళు పైకెత్తు, ఇంకా.
ఎదురుగా టీకొట్టోడు చూస్తాంటే
రేకు కిందికి గుంజింది.
చీకట్లో ఇద్దరం నవ్వుతిమి.

లేస్తే అట్ట మీద రెండు గుంతలు.
నా ఒళ్ళు నాకు పంపిన జాబు మాదిరి,
చిరునామా తప్పులేకుండా.

మాబున్ని చెయ్యి పెట్టి కొలిచి
"ఏడేళ్ళక్కా" అనింది.
సర్వీసు పదమూడు కదా అంటి.
"ఆ ఏళ్ళు కాదు, ఈ ఏళ్ళు"
అని ఆముదం మసి అంటిన చేతివేళ్ళు చూపింది.
"నీ సీటు అయిదుకే చేసినారు.
చేసినోడు తన్నే కొల్సుకున్నాడు."

పాత సామాను కుప్పలోంచి తీసింది,
వెడల్పుది, పొట్టిముక్కుది, నడిమధ్య చీలికది.
బిగించి, ముక్కు చెనిక్కాయంత కిందికి వంచింది.
మెత్తగా లేదే అంటి.
"ఉండగూడదు" అనింది.

మొదటి వారం అదీ నొప్పే.
కాకపోతే ఎముకల్లో.
ఎముకల నొప్పి చెప్పుకోవచ్చు.
రాత్రి అన్నాల కాడ మా ఆయనకి
యాడో, ఎంతో, గట్టిగానే చెప్తి.
ఆయన పప్పు కలుపుతా కలుపుతా
చెయ్యి ఆపి విన్నాడు.

మూడో వారం ఆలూరు ఎగువలో
కంది పూసిండేది చూస్తి.
ప్రతి యేడూ పూస్తానే ఉంటాదంట.

నిన్న సాయంత్రం గాలికని పోతే
అంగడి ముందర ఆశా గంగరత్న,
సైకిలు దిగి, నిలబడే టీ తాగుతాంది.
కూసో మేయ్ అంటి.
వద్దులేక్కా అనింది.
నొప్పి యాడ? అంటి.
అటూ ఇటూ చూసి
"నడుము" అనింది.

మాబున్ని లోపలికి పోయి
ఇంకొక అట్టడబ్బా చించుతాంది.
నేను లేసి
రేకు కిందికి గుంజితి.