జనం లేరని

మా రాగిచెర్వుపల్లెకు బస్సు బంద్ పెట్టిన్రట.
జనం లేరని డిపోల చెప్పిన్రట.
ఫోన్ల భూదవ్వ నవ్వింది:
"కోరుట్ల దవాఖానకు ఆటో రెండువందలడిగె,
మోకాలు తర్వాత సూపిచ్చుకుంట తియ్."
లెక్కలు రాసే సారొచ్చి
మొగోళ్ళ గడిల గీత గీసి పోయిండట.

సోనాపూర్ల, పొద్దుగాల నాలుగ్గొట్టంగ
తెల్ల బస్సు డోర్ తీస్తది.
టిఫిన్ డబ్బాలు ఒళ్ళె పెట్టుకొని
ముందు సీట్ల నర్సింలు, ఎన్క ఎల్లేశు,
కిటికీ కాడ కొత్తగొచ్చిన పోశెట్టి కొడుకు,
ఇంకా మీసం రాలె.
నేను లెక్కవెట్టిన.
మా ఊరోళ్ళమే ముప్పై మందిమి.

కండక్టర్ రాడని తెల్సు.
అయినా చెయ్యి జేబులకు పోయింది, చిల్లరకు.

డ్రైవర్ పెషావరాయన.
ఎక్కడ దిగుతవని
ఎవ్వర్నీ అడగడు.