ఖాళీ గళ్ళ లెక్క

మా ఊళ్ళో గాలికి ఒక పేరుంది, బోరా.
అది దిగిన రోజున
వాలు వీధుల పొడవునా తాళ్ళు కట్టేవాళ్ళు ఒకప్పుడు,
మనుషులు పట్టుకుని నడవడానికి.
నేను ముప్ఫై ఎనిమిదేళ్ళు
అలాంటి తాడొకటి పట్టుకునే నడిచాను.
నెల మొదటి రోజున అది నా చేతికి అందేది.

ట్రియెస్టె రేవుకెదురుగా
బీమా కంపెనీ, మూడో అంతస్తు.
ఎవరు ఎన్నేళ్ళు బతుకుతారో పట్టికలు కట్టడం నా పని.
నావికుడు ఇంత.
పొగతాగే నావికుడు ఇంకొంచెం తక్కువ.
రొట్టెలు కాల్చేవాడు, గాజు ఊదేవాడు, ఒంటరి టీచరమ్మ,
ఒక్కొక్కరికీ ఒక్కో గడి.
నా గడి ఎక్కడుందో నాకు తెలుసు.
భోజనాల వేళ, గదిలో ఎవరూ లేనప్పుడు కూడా
అటు చూసేదాన్ని కాదు.

పదిహేనో ఏట బడి బ్యాండులో
ఎవరూ ముట్టని వాయిద్యం నా వాటాకొచ్చింది.
బసూన్. నా భుజం దాకా ఉండేది.
ముసలి దున్న బురదలో మూలిగినట్టు మోగేది.
ఓడల కార్ఖానాలో వెల్డింగు చేసే నాన్న
చాలాసేపు విని అన్నాడు:
"ఊదితే పొయ్యన్నా రాజుకోవాలి ఫుల్వియా,
ఇది ఊదితే ఏం రాజుకుంటుంది?"
నాన్న చెడ్డవాడు కాదు.
నిప్పురవ్వలకి ఆయన కళ్ళు అప్పటికే సగం పోయాయి.
బసూన్ బడికి తిరిగిచ్చి రశీదు తీసుకున్నాను.
రశీదు ఇంకా ఉంది.
లెక్కలవాళ్ళం, ఏదీ పారెయ్యం.

రిటైరైన వసంతంలో
ల్యుబ్లియానాలో ఎవరో పెద్దావిడ
చనిపోయిన భర్త బసూన్ అమ్ముతోందంటే
బస్సెక్కి వెళ్ళాను.
వచ్చేటప్పుడు దానికీ ఒక టికెట్ కొన్నాను,
కిటికీ పక్క సీటు.

మాస్టారు మతేయ్‌కి ఇరవై ఆరు.
"మీరు ఊపిరిని దాచుకుంటున్నారు సిన్యోరా,
బ్యాంకులో వేసినట్టు.
ఖర్చుపెట్టండి" అంటాడు.
అంత తేలిగ్గా చేతికొస్తుందా ఖర్చు?
పొద్దున్నే పీకని కాఫీ కప్పులో నానబెడతాను.
పెదాల మధ్య పెట్టుకుని ఊదితే
ముందు నాకు వినపడేది నా పిసినారితనమే.
కింది ఫ్లాటు దరీంకా
చీపురుకర్రతో తన ఇంటి కప్పు పొడుస్తుంది.
కోపంగానే పొడుస్తుంది, కానీ తాళం తప్పదు.

ఇప్పుడు రొయానో పేట వాద్యబృందంలో
చివరి వరుస, చివరి కుర్చీ నాది.
ముందు ట్రామ్ డ్రైవరు, ఒక పళ్ళ డాక్టరు,
మాటల్లేని చేపలకొట్టు అన్నదమ్ములు.
నా కాగితం మీద చాలామటుకు ఏమీ ఉండదు.
లావుపాటి అడ్డగీత, దాని మీద ఒక అంకె:
ముప్ఫై ఎనిమిది.
అన్ని ఆవర్తాలూ ఊరకే కూర్చోవాలి,
కానీ లెక్కపెడుతూ కూర్చోవాలి.
ఫ్లూట్లు పరుగెడతాయి, డ్రమ్ము ఉరుముతుంది,
కొత్తవాళ్ళు సరిగ్గా ఇక్కడే దారి తప్పుతారట.
నేను తప్పను.
ముప్ఫై అయిదు. ముప్ఫై ఆరు. పీక తడుపుకున్నాను.
ముప్ఫై ఏడు.

మొదటి స్వరం సగానికి పగిలింది.
అదే ముసలి దున్న, అదే బురద.
బృందనాయకుడు తల తిప్పలేదు,
ఎడమ చెయ్యి మాత్రం పైకెత్తి
ఇంకా, ఇంకా, అన్నాడు.

ఆ రాత్రి బోరా దిగింది.
మెడ చుట్టూ ఉన్న శాలువా ఎప్పుడు పోయిందో తెలీదు.
కాలువ వంతెన మీద ఇనప కమ్మీ పట్టుకుందామంటే
రెండు చేతులూ పెట్టె చుట్టూ ఉన్నాయి.
అలాగే నడిచాను, తూలుతూ,
గాలిని తిట్టుకుంటూ.

మెట్ల దగ్గర దరీంకా, చేతిలో చీపురు.
ఇవాళ నాకు మూడిందనుకున్నాను.
"ఇంత ఆలస్యమా?" అంది.
ఒక మెట్టు దిగి, మళ్ళీ ఆగి,
"అయితే ఇవాళ ఊదవా?"