మూడో సాక్షి

కార్డు ఒకటే, అన్నాడు దండపాణి పాత్రో.
తల ఎత్తలేదు.
పర్లాకిమిడి మార్కెట్ వీధిలో మెట్ల కింద స్టూడియో,
నీలం తెర, ఊచ విరిగిన గొడుగు లైటు.
అమ్మ చేతిసంచి బల్ల మీద పెట్టి
"ఏటయిపోనాయి బాబూ ఫోటోలు" అని
మూడోసారి అడిగింది.

మా పెళ్ళయిన మర్నాడు
కాశీనగర్‌లో ఎవరింట్లోనో ఏకోయిసియా.
పని కుర్రాడు చూసుకోకుండా
అదే కార్డు చెరిపి కెమెరాలో వేశాడట.
కంప్యూటర్ ఇటు తిప్పి చూపించాడు:
నా తలంబ్రాలు ఉండాల్సిన చోట
ఇరవై ఒక్క రోజుల బిడ్డ,
నుదుటి మూలన కాటుక బొట్టు,
పిడికిళ్ళు బిగించి
మా పెళ్ళి మీద నిద్రపోతోంది.

దారంతా తిట్లు కూడబెట్టుకుని వచ్చాను.
నిద్రపోయే బిడ్డ ముందు
గట్టిగా తిట్టడం కుదరలేదు.

అమ్మకి కుదిరింది.
అడ్వాన్సు పన్నెండు వేలు,
ఆల్బం అట్టకి ఏరి ఏరి ఎంచిన మఖమలు,
అప్పలనర్సమ్మత్త కొత్త పళ్ళ సెట్టు
(ఆ ఫోటోల కోసమే కట్టించుకుంది పాపం)
అన్నీ ఏకరువు పెట్టింది.
"చీర మళ్ళీ కట్టుకోండమ్మా, ఊరికే తీస్తాను" అన్నాడతను.
"తాళి కూడా మళ్ళీ కట్టించమంటావా?"
పని కుర్రాడు నవ్వు ఆపుకోలేక
తెర వెనక్కి పోయాడు.

నాలుగు వేలు చేతిలో పెట్టాడు.
మిగతాది రథయాత్ర వెళ్ళాక.

పోనీలే, ఫోటోలేగా అనుకున్నాను.
అత్తారిల్లు పాతపట్నం ఎంత దూరం?
ఆటో ఎక్కి గాజులు సర్దుకునేలోగా
రాష్ట్రం మారిపోతుంది.
కాగితాలే మారవు.
ఇక్కడి రేషను కార్డులో పేరు కొట్టేశారు,
అక్కడి కార్డులో ఎక్కించలేదు.
ఆరు నెలలు
ఏ ప్రభుత్వపు బియ్యంలోనూ నేను లేను.

రిజిస్ట్రారు ఆఫీసు గుమాస్తా
దరఖాస్తు మీద వేలు పెట్టి
"పెళ్ళి ఫోటో ఏదీ?" అన్నాడు.
శుభలేఖ ఇచ్చాం.
"ఇది జరగబోతోందని. జరిగిందనడానికి?"
తాళి చూపించాను.
చూపు పక్కకి తిప్పుకుని
"అది కాదమ్మా" అన్నాడు.

తవిటిరాజు బయటికెళ్ళి ఎవరికో ఫోను చేశాడు.
గంటలో పాత్రో స్కూటరు.
మా పెళ్ళికి కూడా వేసుకోని ఇస్త్రీ చొక్కా.
మెడలో కెమెరా లేకపోయేసరికి
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు మనిషికి.

"నేను చూశాను సార్.
ఎనిమిదొందల నలభైసార్లు చూశాను.
జీలకర్ర బెల్లం పెట్టినప్పుడు
ఈ అమ్మాయి ఎడమ కన్ను ఒక్కటే మూసుకుంది.
రెండో ముడి దగ్గర ఇతని వేళ్ళు వణికితే
వాళ్ళక్క పట్టింది దారం.
అప్పుడే కరెంటు పోయింది.
ఫ్లాష్ కొట్టాను, ఆ వెలుతురులోనే
మూడో ముడి పడింది.
అమ్మాయి తండ్రి స్తంభం వెనక నిలబడి
కండువాతో ముక్కు తుడుచుకున్నాడు.
అదీ తీశాను. తీసి,
ఆల్బంలో వద్దులే అనుకున్నాను."

మొదటి సాక్షి మా నాన్న.
కిటికీ పక్కనే ఉన్నాడు.
కిటికీలోంచి రోడ్డు చూశాడు చాలాసేపు,
అక్కడేదో వస్తున్నట్టు.

నాకివేవీ తెలీవు.
పీటల మీద కూర్చున్నదానికి
ఏం కనపడుతుంది,
పొగ, అడ్డుతెర, ఎవరిదో జడ.

గుమాస్తా కలం మూత తీశాడు.
మూడో సాక్షి గడిలో పాత్రో
ఒడియాలో సంతకం పెట్టాడు,
ప్రతి అక్షరానికీ ఒక గొడుగు.
"తెలుగులో పెట్టవయ్యా."
దాని కిందే, నాలుక పంటి కింద పట్టి,
పా దీర్ఘం మర్చిపోయి
"దండపణి" అని రాశాడు.

దరఖాస్తుకి కావలసిన పాస్‌పోర్టు సైజులు
అతనే తీశాడు, ఊరికే.
ఎడమ గడిలో నేను, కుడి గడిలో ఆయన.
గమ్ము ఎక్కువై
నా భుజం ఆయన గడిలోకి జారింది.
మేమిద్దరం కలిసున్న పెళ్ళి ఫోటో అదొక్కటే,
ఆఫీసు బీరువాలో ఉంది.

ఎనిమిది వేలు ఇంకా రాలేదు.
అమ్మ నెలనెలా ఫోను చేస్తుంది,
అతను ఎత్తుతాడు, అది మెచ్చుకోవాలి.
కాశీనగర్ బిడ్డకి
ఈపాటికి పళ్ళొచ్చుంటాయి.