అరువు పిన్నీసు

టంగుటూరు పొగాకు కంపెనీ కూలి పుస్తకంలో
ఆమె పదిహేడో నంబరు.
మాకు పిన్నీసుల మాలకొండమ్మ.

పుస్తెలు కందుకూరు తాకట్టుకొట్లో ఉన్నాయి,
కౌలుకేసిన పొగాక్కి ధర పడిపోయిన ఏటి నుంచీ.
మెడలో పసుపుతాడు, ఒక పసుపుకొమ్ము,
దాని పక్కన ఏడో ఎనిమిదో పిన్నీసులు.
ఒంగితే గలగలమంటాయి.
"బంగారం కూడా ఇంత చప్పుడు చెయ్యలా" అంటుంది.

బేళ్ళ మధ్య గొంతుక్కూచుంటే
ఎవరికో ఒకరికి ఏదో ఒకటి తెగుతుంది.
రవిక హుక్కు. చెప్పు ఉంగటం.
లంగాబొందు లోపలికి జారితే
కొసకి పిన్నీసు గుచ్చి
గుడ్డ సందులో చీమని నడిపినట్టు నడిపించి
అటుపక్క బయటికి లాగుతుంది.

ఖాసింబీ అరికాల్లో సర్కారుతుమ్మ ముల్లు దిగినప్పుడు
షెడ్డు బయటికి తీసుకుపోయి
అగ్గిపుల్ల మీద కొన కాల్చి
"అదుగో, మీ ఆయనొస్తన్నాడు" అంది.
ఖాసింబీ తిరిగి చూసేలోపు ముల్లు అరచేతిలో.
ఖాసింబీ మొగుడు పోయి అప్పటికి మూడేళ్ళు.
ఆ రోజు ఇద్దరూ ఎందుకంత నవ్వారో
నాకిప్పటికీ తెలీదు.

చేతికి మాత్రం ఇయ్యదు.
"సూదీ ఉప్పూ చేతికిస్తే తగువులే" అని
నేల మీద పెట్టి వేలితో తోస్తుంది.
మేస్త్రీ దగ్గర అడ్వాన్సు, చీటీ బాకీ,
కొట్లో కందిపప్పు, అన్నిటికీ లెక్కుంది మా షెడ్డులో.
పిన్నీసు అప్పుకి లేదు.
సంతలో డజను కొనుక్కొస్తుంది,
వారం తిరిగేసరికి మెడ బోసి.

ఒక్కసారే అడిగింది.
కందుకూరు బస్సులో,
నా వెనక నిలబడ్డవాడి చెయ్యి
చెయ్యి కానట్టు కదులుతుంటే
"ఏమ్మే, మొన్న తీసుకున్నావే, అది ఉందా?" అంది
బస్సంతా వినేట్టు.
నాకు వెంటనే అర్థమయింది.
వాడికి అర్థమవడానికి అరంగుళం పట్టింది.
కందుకూరు దాకా టిక్కెట్టున్నవాడు
సింగరాయకొండలోనే దిగిపోయాడు.

ఇప్పుడామె పనికి రావట్లా.
ఆకు రంగు తెలియని కంటికి
గ్రేడింగులో చోటు లేదు.
మొన్న పోయాను,
పిన్నీసుల అట్ట ఒకటి కొనుక్కుని.
ఇన్నేళ్ళ అప్పు గదా అని చేతిలో పెట్టబోతే
చురుక్కుమన్నట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది.
"కింద పెట్టమ్మే.
ఈ వయసులో మనకి తగువెందుకు."

పెట్టాను.
చాపంతా తడుముకుంది.
దొరికాక వేలితో ఒక్కోటీ తాకుతూ లెక్కబెట్టి,
చివరిది ఊడదీసి
నేల మీద నా వైపు తోసింది.

"మళ్ళా బస్సెక్కాలి గదా నువ్వు."