విప్పితే ఆరు

నల్లబల్ల మీద సుద్దముక్కతో గుండ్రంగా గీసి
"ఇదేంటి?" అన్నాను.
"బంతి!" అంది ఒకటో తరగతి మొత్తం.
బంతి కాదు, వృత్తం.
ఏసోబు లేచాడు, చొక్కాకి రెండో గుండీ లేదు,
బల్ల దగ్గరికొచ్చి ఆ గీతని అరచేత్తో నెట్టి చూశాడు.
"నిజమే టీచర్, దొర్లట్లేదు."
వాడి చేతికి సుద్ద,
నా వృత్తానికో సొట్ట.

మార్చి నెల. యార్డు వైపు నుంచి గాలి తిరిగిందంటే
కిటికీలు మూసినా ఘాటు ఆగదు.
గుంటూర్లో మేం ముప్పై ఇద్దరం తుమ్ముకుంటూనే చదువుకుంటాం.
తుమ్ముకీ తుమ్ముకీ మధ్య
త్రిభుజానికి మూడు భుజాలని చెప్పాను.

శంకువు అంటే ఎవరికీ నోరు తిరగలేదు.
పుస్తకంలో ఐస్‌క్రీం బొమ్మ ఉంది.
పరిమళ దాని వంక చూడనైనా చూడలేదు:
"కాయ కుప్ప పోస్తారు గదా టీచర్,
కింద వెడల్పు, పైన మొన.
మా అమ్మ దాని పక్కనే కూర్చుని తొడిమలు తీస్తది."
పుస్తకం మూసేశాను.

స్థూపం దగ్గర గొడవైంది.
నేను పాలపొడి డబ్బా చూపించాను.
వీళ్ళేమో డిసెంబర్లో బస్సెక్కి అమరావతి వెళ్ళొచ్చిన పిల్లలు.
"స్తూపం డబ్బాలాగుండదు,
బోర్లించిన గిన్నెలాగుంటది!"
ఒత్తు తేడా చెబుదామనుకున్నాను,
ఆ ఒత్తు నాకే సరిగ్గా పలకదు.
"అది వేరు, ఇది వేరు" అన్నాను,
జవాబు తెలియనప్పుడు పెద్దవాళ్ళు అనే మాట.

ఇక ఘనం.
పక్కపక్కనే గీశాను: ఇది చతురస్రం, ఇది ఘనం.
రెండూ బల్లకి అతుక్కుని బల్లపరుపుగానే ఉన్నాయి.
వెనక్కి వెళ్ళాల్సిన గీతల్ని చూసి
"విరిగిన కిటికీ" అన్నారు పిల్లలు.

షాహీన్ చేరి నెలైంది, నోరు విప్పింది లేదు.
ఆనందపేట నుంచి వస్తుంది,
వేళ్ళ చివర మైదా జిగురు ఎండి పొట్టు రేగుతూ.
సంచిలోంచి ఒక అట్ట తీసింది.
బంగారు రంగు. ఆరు గడులు,
నాలుగు వరసగా, రెండు రెక్కల్లా అటూ ఇటూ.
నేల మీద పరిచి ఇటు మడిచింది, అటు మడిచింది,
మూడోది ఎప్పుడు మడిచిందో నాకు కనపడలేదు.
పెట్టె!
పెళ్ళివాళ్ళు పంచే ఒంటి లడ్డూ పెట్టె.
విప్పింది, నేల. మడిచింది, పెట్టె.
"విప్పితే ఆరు," లెక్కపెట్టాడు ఏసోబు,
"మూస్తే మూడే!"
మిగతా మూడూ ఎటు పోయాయా అని
పెట్టె చుట్టూ పాకాడు.

రోజూ రాత్రి వాళ్ళమ్మ వెయ్యి మడుస్తుందట,
అందులో షాహీన్ వాటా రెండొందలు.
"మరి లోపల పెట్టే లడ్డూ?" అన్నాను,
గోళం అనిపిద్దామని.
లడ్డూ ఉన్న పెట్టెని తను చూడలేదంది.
కాసేపాగి,
"ఖాళీగా ఉన్నా దీన్ని ఘనమనే అంటారా, టీచర్?"

"అనే అంటారమ్మా."
సమయానికి తుమ్మొచ్చింది,
కళ్ళు తుడుచుకోవడానికి ఎవరికీ కారణం చెప్పక్కర్లేకపోయింది.

సాయంత్రం చూస్తే పెట్టె నా టేబుల్ మీదే ఉంది.
లెక్కలో ఒకటి తగ్గితే కూలీలో కోత.
చదునుగా విప్పి హాజరుపట్టీలో పెట్టుకుని వెళ్ళాను.
గదిలో గోడెత్తు బంగారు అట్టలు,
వాటి ముందు ఖైరున్, చేతులాపకుండానే
"కూర్చోండి మేడమ్" అంది.

ఊరికే కూర్చోలేక ఒకటి తీశాను. మూల ఊడింది.
రెండోది చిరిగింది.
షాహీన్ నా వేలు పట్టుకుని
గోటితో ముందు గీత పడేలా రుద్దించింది.
"గట్టిగా నొక్కొద్దు టీచర్, అట్ట అలుగుద్ది."
ఐదోది నిలబడింది, కాస్త వంకరగా.
అటు తిప్పి ఇటు తిప్పి చూసి
"పర్లేదు," అంది,
"కట్టలో అడుక్కి పెడదాం."