మూడో సాక్షి

"పెళ్ళి తేదీ చెప్పండమ్మా" అంది కిటికీ వెనక అమ్మాయి.
జూలై పధ్నాలుగు, అన్నాడాయన.
పదిహేడు, అన్నాన్నేను.
ఇద్దరం ఒకేసారి అన్నాం.
ఆ అమ్మాయి పెన్ను గాల్లోనే ఆగిపోయింది.

ముప్ఫై మూడేళ్ళుగా మా ఇంట్లో ఇదే తగువు.
ఆయన పధ్నాలుగున జిలేబీ తెస్తాడు.
నేను పదిహేడున తలంటుకుంటాను.
మధ్యలో రెండ్రోజులు
ఎవరం ఎవరితోనూ మాట్లాడం.

అసలు కాగితాన్ని హుద్‌హుద్ పట్టుకుపోయింది.
మల్కాపురంలో మా ఇంటి రేకులు లేచి
పక్కవీధి కొబ్బరిచెట్టుకి చుట్టుకున్న పూట
ట్రంకుపెట్టె మూత తెరుచుకుని
రేషను కార్డూ, పాప టీకాల చీటీ, మా పెళ్ళీ
గోడ దూకి సముద్రం దారి పట్టాయి.
రేషను కార్డు మళ్ళీ ఇచ్చారు.
పాప టీకాల వయసు ఎప్పుడో దాటింది.
పెళ్ళి సంగతి ఎవరూ అడగలేదు,
మేమూ వెతకలేదు.

ఇప్పుడు పోర్టు ఆఫీసు అడిగింది.
ఈ నెలాఖరుకి ఆయన డ్రెడ్జరు దిగిపోతాడు.
సర్వీసు రిజిస్టరులో భార్య పేరు దగ్గర
ఎవరిదో గుండ్రటి దస్తూరీ:
అవివాహితుడు.
"అప్పట్లో మీవాళ్ళకి తెలిసిపోద్దని రాయించలేదు,
తరవాత మరిచిపోయాను" అన్నాడు అంతోనిదాసు,
సైకిలుకి తాళం వెయ్యడం మరిచిపోయినట్టు.
ఆ రాత్రి చేపల పులుసులో నేను ఉప్పు వెయ్యలేదు.
ఆయన కిక్కురుమనకుండా తిన్నాడు.

మహారాణిపేటకి రావడం ఇది నాలుగోసారి.
మొదటిసారి సర్వరు లేదు.
రెండోసారి చలానాలో ఆయన ఇంటిపేరుకి ఒక దీర్ఘం తక్కువ.
మూడోసారి వార్డు సచివాలయానికి పొమ్మన్నారు;
వాళ్ళేమో, అంత పాతవి మా కంప్యూటరు పుట్టకముందువి అన్నారు.
బెంచీ మీద నా పక్కన కొత్త పెళ్ళికూతురు,
పదకొండు రోజులట, పాస్‌పోర్టు కోసమట.
నా చీరలో రొయ్యల కంపెనీ వాసనకి
ముఖం అటు తిప్పి, అంతలోనే సిగ్గుపడి,
"మీకు ఎన్నేళ్ళయిందాంటీ?" అంది.
ఏ తేదీ నుంచి లెక్కపెట్టాలో తెలీక నవ్వాను.

అటెండరు గురువులు బీరువా సందులోంచి
తొంభై ఒకటి పుస్తకాన్ని
రెండు చేతుల మీద మోసుకొచ్చాడు.
తుఫాన్లో తడిసి ఆరిన పేజీలు
వేయించిన అప్పడాల్లా ఉబ్బి పెళపెళమంటున్నాయి.
"నిమ్మళంగా... సిరిగిపోతాది"
తనకి తానే చెప్పుకుంటూ తిప్పాడు.

పదహారు.
మంగళవారం.
"పధ్నాలుగు ఆదివారం సార్, ఆఫీసే ఉండదు" అంది కిటికీ అమ్మాయి.
ఇన్నేళ్ళూ మేం మాట్లాడుకోని రోజు అది.

కింద ఆయన సంతకం, తోకతో సహా.
నా నూకరత్నంలో "త్న" విరిగిపోయి ఉంది,
చెయ్యి వణికినట్టు నాకు గుర్తులేదు.
మొదటి సాక్షి ఆయన దోస్తు, పోయాడు.
రెండో సాక్షి నాతో రొయ్యలు వలిచిన అమ్మడు.
మూడోది వేలిముద్ర.
బర్రి సన్యాసమ్మ, వయసు సుమారు యాభై, పొత్తుల వ్యాపారం.

అప్పుడు తట్టింది.
వస్తానన్న మూడోవాడు రాలేదు. ఒకటే వాన.
గేటు దగ్గర గొడుగు కింద
మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్న మనిషిని
ఆయన బతిమాలి లోపలికి తెచ్చాడు.
మా పేర్లు అడగలేదు, కులం అడగలేదు.
చెయ్యి కొంగుకి తుడుచుకుని
"ఏలెక్కడెట్టాల బాబూ?" అంది.
నిప్పులు ఆరిపోతాయని ఆవిడ కంగారు.

నకలు చేతికొచ్చింది. గుండ్రటి ముద్ర, పచ్చ సంతకం.
జిరాక్సులో వేలిగీతలేవీ పడలేదు,
ఒక నల్లటి మచ్చ, అంతే.
గేటు దగ్గర ఇప్పుడు స్కూటర్లు నిలబెట్టి ఉన్నాయి.
వాటి మధ్య కాసేపు నిలబడ్డాం,
దేనికో తెలియకుండానే.

"బీచికెళ్ళి పొత్తు తిందామేటి?" అన్నాడు.
"పళ్ళున్నాయా నీకు?" అన్నాను.