పదమూడో అంకె

ముప్పైరెండేళ్లు నేను చేసిన పని
గూడ్సు బళ్ల పక్కన నడుస్తూ నంబర్లు రాసుకోవడం.
బెజవాడ యార్డు, రాత్రి డ్యూటీ, చేతిలో టార్చి,
చంకలో అట్ట, చెవి మీద పెన్సిలు.
యాభై ఎనిమిది వ్యాగన్లు,
తర్వాత్తర్వాత ఒక్కోదానికి పదకొండంకెలు.
బొగ్గుమసి కింద అంకె దాక్కుంటే
అరచేత్తో తుడిచి చూసేవాణ్ణి.
నంబరు తెలియని వ్యాగన్ ఎక్కడికీ పోదు,
లోపల బియ్యం ఉన్నా, ఎరువు ఉన్నా.

ఈ మాట పుస్తకానికీ వర్తిస్తుందని
ఏలూరు రోడ్డులో తెలిసింది.
మొదటి పుస్తకం. సొంత డబ్బు. రెండొందల కాపీలు.
కొట్టాయన వెనక్కి తిప్పాడు, ముందుకు తిప్పాడు,
కథ ఒక్కటీ చదవలేదు.
"నంబరేదండీ?" అన్నాడు.
"పేజీ నంబర్లా?" అన్నాను.
నవ్వలేదు పాపం, టీ తెప్పించాడు.
ఆ కట్టలు మా సింగ్‌నగర్ ఇంట్లో మంచం కిందే ఉండి
బుడమేరు గడప దాటిన ఏడాది
ఉబ్బి, ఒకదాన్నొకటి కరుచుకుని
ఇటుకలయ్యాయి.

రెండో పుస్తకానికి బుద్ధొచ్చింది.
గవర్నర్‌పేటలో మెట్ల కింద మీరావలి డీటీపీ కొట్టు.
"ఊరికే ఇస్తారు బాబాయ్, రాసినాయనే అడగొచ్చు" అని
ఢిల్లీ వాళ్ల ఫారం తెరిచాడు.
రచయిత పేరు? పైరగాలి.
ప్రచురణకర్త? మళ్లీ పైరగాలే.
పైరగాలికి ఆధార్ లేదు. కరెంటు బిల్లూ లేదు.
అవి రెండూ కొల్లి వీరరాఘవులు దగ్గరున్నాయి,
రిటైర్డ్ ట్రెయిన్స్ క్లర్కు.
ఇద్దరం ఒకే సంతకం పెట్టాం.
భాష? తమిళం దాకా దిగి, ఇంకో మెట్టు దిగితే మనది.
ధర? అక్కడ ఆగిపోయాం.
నూట ఇరవై అన్నాను, నూట యాభై అన్నాడు.
సామ్రాజ్యానికి ఫోన్ చేస్తే
"కొనేవాళ్లుంటే కదా, ఎంతైనా పెట్టు" అంది.

పద్దెనిమిదో రోజున వచ్చింది.
తొమ్మిది ఏడు ఎనిమిది అని మొదలై
తొమ్మిది మూడు అని దేశం చెప్పుకుని
మొత్తం పదమూడంకెలు.

ప్రూఫులో రెండో పేజీ.
కళ్లు కథల మీదికి పోలేదు, వేళ్లు కదిలాయి.
తొమ్మిది. ఏడు మూళ్లు ఇరవై ఒకటి. ఎనిమిది.
తొమ్మిది మూళ్లు ఇరవయ్యేడు. మూడు...
ఇదే లెక్క! వ్యాగన్ మీద చివరంకె లెక్క.
ఒకటి వదిలి ఒకటి మూడింతలు చేసి, అన్నీ కూడి
ఆపై వచ్చే పదికి ఎంత తక్కువైతే అదే చివరంకె.
ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో.

లెక్క కుదర్లేదు.
మళ్లీ వేశాను. మళ్లీ కుదర్లేదు.
"మీరావలీ, నీ పేజీలో ఒక అంకె అబద్ధమాడుతోంది."
వెనక అట్ట మీది గీతలు సరిగ్గానే ఉన్నాయి,
లోపల టైపు చేసిందే,
ఒకటి ఉండాల్సిన చోట ఏడు.
అప్పుడు అతను నావైపు చూసిన చూపు,
నా కథలు చదివి ఎవరూ అలా చూడలేదు.

ఫోన్‌లో చదివేదానికి వేరే నంబరు తీసుకోవాలట.
గట్టి అట్ట వేస్తే ఇంకోటి.
సరుకు ఒకటే అయినా బండి మారితే నంబరు మారుతుంది,
అది నాకు ఒకరు చెప్పక్కర్లేదు.
మూడొందల కాపీలకీ ఒకటే నంబరు అన్నారు చూడండీ,
అదొక్కటే మింగుడు పడలేదు.

రాత్రి కూర్చుని ప్రతి కాపీలో
చివరి పేజీ మూలన పెన్సిలుతో
ఒకటి, రెండు, మూడు...
పాత డ్యూటీ పుస్తకంలో గళ్లు గీశాను.
రెండు: ఏలూరు రోడ్డు కొట్టాయన.
పదకొండు: మీరావలి, డబ్బులిచ్చి మరీ.
ముప్పైనాలుగు: తెనాలి ప్యాసింజర్‌లో కిటికీ పక్కమ్మాయి,
దిగేటప్పుడు ఇస్తానంది, దిగిపోయింది.
నలభై ఒకటి ఎక్కడుందో తెలీదు.
కొట్లో లేదు, ఇంట్లో లేదు.

యార్డులో అయితే ఇలాంటి గడిలో
ఎర్రసిరాతో ఒక మాట రాసేవాణ్ణి.
పెన్ను తీశాను గానీ
ఎక్కడో ఎవరో పేజీ తిప్పుతున్నారేమోనని
మూత పెట్టేశాను.